అక్షరాలు లేని పేజీలు

గాలి వల్ల ఆగిందట రైలు. మనిషి వల్ల ఆగితే మనిషిని తిట్టుకోవచ్చు, యంత్రం చెడి ఆగితే దాన్ని చేసినవాణ్ణి తిట్టుకోవచ్చు, గాలినేం తిడతాం, తిడితే మాత్రం వినడానికి దానికి చెవులెక్కడున్నాయి అనుకున్నాడు సునాగ, తలుపు పక్క సీట్లో సంచీ ఒళ్లో పెట్టుకుని. ముందు తోనె నది మీద వంతెన ఉంది, వంతెన మీద గాలి హద్దు మీరింది, తగ్గేదాకా ఇక్కడే ఆగుతున్నాం, తొందరలో ఉన్న మీ అందరికీ ఇబ్బంది కలిగిస్తున్నందుకు మనస్ఫూర్తిగా క్షమాపణలు అని గార్డు గొంతు మళ్లీ మళ్లీ చెబుతోంది. తొందరలో ఉన్న మీ అందరికీ, అట. తొందర లేని మనిషి ఒకడు ఈ పెట్టెలో ఉండొచ్చని ఆ గొంతుకు తోచనే తోచదు. ఆ మాటకొస్తే అలాంటివాడు లేడు కూడా. సీట్ల నిండా, నడవ నిండా జనం, అయినా చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. తలలన్నీ ఫోన్లలోకి వంగి ఉన్నాయి. ఎదురుగా టెన్నిసు బ్యాటు సంచీ తగిలించుకున్న హైస్కూలు పిల్ల చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉంది. పక్కన ముసలావిడ, సంచీలోంచి ఉల్లికాడల కట్ట బయటికి పొడుచుకొచ్చి అతని మోచేతికి తగులుతుండగా, కళ్లు మూసుకుని ఉంది. నది అవతలి ఊళ్లో, కూతుళ్లనీ కొడుకులనీ విడిపోయిన తండ్రులకు చూపించే ఒక ఇంట్లో, అతని కూతురు మినోరి ఈపాటికి బూట్లు విప్పి చెప్పుల అరలో పెట్టేసి ఉంటుంది. ఆరేళ్ల పిల్ల, మడమలు కలిపి బుద్ధిగా పెడుతుంది. ఒంటిగంట నుంచి రెండు దాకా, నెలకు ఒక్క గంట. ఒంటిగంట అయిపోయింది.

ఈ దేశంలో మొగుడూ పెళ్లాం విడిపోతే బిడ్డ ఒకరికే, రెండోవాళ్లు చుట్టపుచూపుగా రావలసిందే. అతనికి ఆ సంగతి విడాకుల కాగితాల మీద సంతకానికి బదులు తన ముద్ర వేసేటప్పుడు అంతగా తెలిసి రాలేదు, ఆ రోజు కూడా ఆఫీసులో మధ్యాహ్నం మీటింగు ఉంది మరి, ముద్ర వేసి పరిగెత్తాడు. నెలకు ఒక్క గంటైతే ఒక్క గంట, ఏడాదికి పన్నెండు గంటలు, ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం అంతకన్నా ఎక్కువ ఏం చూశాడు గనక. ఆ పన్నెండులోనూ నవంబరుది అతనే వద్దన్నాడు, డిసెంబరుది వద్దన్నాడు, కొత్త సంవత్సరం హడావుడిలో జనవరిదీ వద్దన్నాడు. పార్సిళ్ల కంపెనీలో పని అతనిది, ఏ పెట్టె ఏ ఇంటి గుమ్మంలోకి ఏ వేళకు చేరాలో లెక్కగట్టడం, చలికాలమంతా దేశమంతా ఒకళ్లకొకళ్లు నారింజలూ పీతలూ పంపుకుంటూనే ఉంటారు, వాళ్ల పీతలు చల్లారకుండా, అదే, వేడెక్కకుండా చేరాలంటే అతను కాలుగాలిన పిల్లిలా తిరగాల్సిందే. పోయినవారం ఒగురా గారు ఫోన్ చేసింది, ఆ ఇంటిని చూసుకునే పెద్దావిడ, గొంతు పెంచడం ఎరగని మనిషి. ఈసారి కూడా రాకపోతే పాప వాళ్లమ్మ అయానో గారు ఇక ఒప్పుకోరట, ఆ మాట రాతపూర్వకంగానే ఇచ్చారట, ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు పాప ఫోటోలు వస్తాయి, అంతే. ఫోటోలు. అతని ఇంటికి కూడా ఒక కవరు వస్తుందన్నమాట, కోరుకున్న వేళకు. చచ్చినా వస్తానండీ అన్నాడు. ఎవరూ చావనక్కర్లేదు, ఒంటిగంటకు వస్తే చాలు అందావిడ. తర్వాత ఆగి ఇంకో మాట చెప్పింది, పాప ఒకటి అడిగింది, పరుగు మామయ్య పుస్తకం తెమ్మంది, కొత్తది కొని తేవద్దంది, పాలు ఒలికిందే తెమ్మంది.

కిటికీ అవతల గట్టు మీద గడ్డి అంతా ఒకవైపే పడుకుంది, ఎవరో పెద్ద చెయ్యితో నిమిరినట్టు. అకాగి కొండ మీంచి దిగే ఈ పొడిగాలి అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు, సైకిలు తొక్కుకుంటూ బడికి పోతుంటే ఉన్నచోటే నిలబెట్టేసేది, పళ్ల మధ్య మట్టి కరకరలాడేది. అప్పుడు కోపం వచ్చేదా. లేదు, నవ్వొచ్చేది, స్నేహితులతో పందెం కాసేవాడు, ఎవడు పడకుండా నిలబడతాడని. ఆ కుర్రాడు ఎక్కడ దిగిపోయాడో ఏ స్టేషన్లో దిగిపోయాడో. పుస్తకం తియ్యి, చూసుకో, అక్కడికి వెళ్లాక తడబడకుండా చదవాలి అనుకుని సంచీలోంచి తీశాడు. అయానో ఇల్లు వదిలేటప్పుడు పిల్ల బట్టలు, పిల్ల గిన్నె, పిల్ల పళ్లు తోముకునే బ్రష్షు దాకా పట్టుకుపోయింది గాని ఈ పుస్తకం ఒక్కటీ అతని పరుపు కిందే ఉండిపోయింది. అట్ట మీద పాలు ఎండి ఉబ్బిన మచ్చ. మెడలో టై భుజం మీదికి ఎగిరిపోతుంటే పరిగెత్తే మామయ్య బొమ్మ. ప్రతి పేజీకీ కింద ఒక్క వాక్యమే, 'టైము లేదు, టైము లేదు, అవతల రైలు వెళ్లిపోద్ది.' ఇళ్ల కప్పుల మీంచి తిమింగలం లేచి నీళ్లు చిమ్ముతుంటే మామయ్య వానేమో అనుకుని గొడుగు విప్పుతాడు. ఎండా వానా కలిసొచ్చి నక్కలు లాంతర్లు పట్టుకుని పెళ్లి ఊరేగింపు పోతుంటే మామయ్య సిగ్నల్లో ఎర్రదీపమే చూస్తాడు. చందమామ స్నానాల ఇంట్లో నెత్తిన తువ్వాలు వేసుకుని కూర్చుంటే కిటికీ పక్కనుంచే దూసుకుపోతాడు. టైము లేదు, టైము లేదు. ఎన్ని రాత్రులు చదివాడు ఈ వాక్యాన్ని! కళ్లు మూతలు పడుతుండగా, తల లోపల రేపటి లారీలు బారులు తీరుతుండగా, నోటికొచ్చినదే కాబట్టి నోరే చదివేది. తనను చూసే రాశారేమో అన్న అనుమానం మాత్రం ఏ రాత్రీ రాలేదు. ఈయన ఎవరో మామయ్య అనుకున్నాడు, పాపం.

చివరికి మామయ్య స్టేషన్ చేరుతాడు, రైలు ఇంకా రాదు, బెంచీ మీద కూర్చుంటాడు, నిద్ర ముంచుకొస్తుంది. ఆ తర్వాత 'రైలొచ్చింది, ఎక్కేశాడు' అనే పేజీ. ఇవాళ పుస్తకం ఒళ్లో తీరిగ్గా తెరుచుకుని, వేలితో ఒక్కొక్క పేజీ తిప్పుతుంటే ఆ రెంటి మధ్యా ఇంకా పేజీలు వచ్చాయి. అక్షరాలు లేవు వాటి మీద. ఒక్కటి కూడా లేదు. అందుకే, ఆఁ, అందుకే. అక్షరం లేని చోట చదవడానికేముంది, అవన్నీ కలిపి ఒకేసారి తిప్పేసేవాడు, ఆ బొటనవేలికి అలవాటైపోయింది, మందం చూసే పట్టుకునేది. ఇప్పుడు చూస్తే ఆ పేజీల్లోనే ఉంది సరుకంతా. బెంచీ మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్న మామయ్య చుట్టూ తిమింగలం తల వాల్చి, ఊపిరి బిగబట్టినట్టుగా, ప్లాట్‌ఫారం ఒడ్డుకొచ్చి ఆగింది. నక్కల పెళ్లికొడుకూ పెళ్లికూతురూ లాంతర్లు కిందికి దించి మామయ్య బూట్ల దగ్గర కూర్చున్నారు. చందమామ తడి తువ్వాలుతోనే వచ్చేసింది. వాటిలో చివరి పేజీలో ఎక్కణ్ణుంచో వచ్చిన ఒక చిన్న కప్ప మామయ్యకు చలేస్తుందని పొట్ట మీద ఆకు కప్పుతోంది. ఓరి నాయనో. ఇంత ఉందా ఇందులో. మరీ విచిత్రం, పుస్తకం మొత్తంలో బాగా మాసిపోయింది ఈ పేజీలే. మూలలన్నీ నలిగి, బియ్యప్పిండి చిరుతిండి తిన్న నూనె వేళ్ల ముద్రలు పడి, కప్ప పక్కన కాగితం మెత్తబడి గుడ్డలా అయిపోయి ఉంది. తను ఎన్నడూ తెరవని పేజీలను ఎవరు ఇంతగా అరగదీశారు? అయానో చదివేదా? ఆవిడ పగలంతా తన పనికి పోయేది, రాత్రి వంటగదిలో. ఆ రోజుల్లో పొద్దున్నే లేచేసరికి తన పొట్ట మీద బాతుల బొమ్మల చేతిగుడ్డ ఒకటి ఉండేది, గుర్తొచ్చింది ఎందుకో. ఇంట్లో ఎక్కడి గుడ్డ అక్కడ పారేస్తారు అని విసుక్కుని దాన్ని మాసిన బట్టల్లో పడేసి బయలుదేరేవాడు.

ఫోను వణికింది, జేబులోనే. తీసి చూస్తే ఒగురా గారి ఇంటి నంబరు. అంతే, అతను ఏమీ అనుకోలేదు, నిజంగానే అనుకోలేదు, ఇక్కడ రైల్లో ఫోన్ మాట్లాడటం మర్యాద తప్పడం కదా, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ మాట్లాడిందీ లేదు, బొటనవేలు దానంతటదే వెళ్లి, ముందే రాసిపెట్టి ఉండే సమాధానాల్లో మొదటిదాన్ని నొక్కేసింది. 'రైల్లో ఉన్నాను. తర్వాత చేస్తాను.' వెళ్లిపోయింది. వెళ్లిపోయాక తెరమీద ఆ వాక్యాన్ని చూసుకున్నాడు సునాగ. ఇదే వాక్యం, ఇదే వేలు, అయానోకు ఎన్నిసార్లు పంపించాడు. రెండేళ్ల కిందటి ఫిబ్రవరిలో, గింజలు చల్లే పండగ రోజున కూడా పంపించాడు. ఆ సాయంత్రం ఇంటికొక తండ్రి కాగితపు కొమ్ముల ముఖం పెట్టుకుని గుమ్మంలో నిలబడాలి, పిల్లలు వేయించిన సోయా గింజలు విసిరి దెయ్యాన్ని తరిమేయాలి, అది ఇంటింటా జరిగే ముచ్చట. మినోరి గింజల గిన్నె పట్టుకుని గుమ్మం ఎదురుగా కూర్చుందట, దెయ్యం వస్తుందని. అతను వచ్చేసరికి పిల్ల నిద్రపోయింది, గిన్నె అలాగే ఉంది. 'తరమడానికి దెయ్యం కూడా రాని ఇల్లు మనది' అంది అయానో, నవ్వుతూనే అంది, అతను కూడా నవ్వేశాడు. పొద్దున బూటు తొడుక్కుంటుంటే మడమ కింద ఒక గింజ గుచ్చుకుంది. వంటగదిలోంచి అయానో చూస్తోందేమోనని కూడా తలెత్తకుండా దాన్ని తీసి జేబులో వేసుకుని రైలెక్కాడు.

తిరిగి చెయ్యాలి. చెయ్యాలంటే లేచి పెట్టెల మధ్య ఉండే సందులోకి పోవాలి, అక్కడైతే మాట్లాడినా ఒకరిద్దరే చూస్తారు, కాని ఈ జనంలో అక్కడిదాకా పోవడమెలా, 'క్షమించండి, క్షమించండి' అంటూ ఎంతమంది కాళ్లు తొక్కాలి. పన్నెండు వందల లారీలను కదిలించే మనిషి ఒక మోకాలు కదపలేకపోయాడు. గాలి పెట్టెను ఒకసారి పక్కకు ఊపి వదిలింది. ఫోను మళ్లీ వణికింది. అతను దాన్ని రెండు చేతులతోనూ పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

"ఎత్తు బాబూ," అంది పక్క ముసలావిడ, కళ్లు తెరవకుండానే. "కాదన్నాక కూడా మళ్లీ చేసేది పసిపిల్లలే. పెద్దాళ్లకంత సిగ్గులేనితనం ఉండదు."

ఎత్తాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, తల మోకాళ్లదాకా వంచేశాడు. అవతల ఒక ఊపిరి, పిల్ల ఫోను నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్న ఊపిరి.

"నాన్నా, రైల్లో ఉన్నావా?"

"ఉన్నానమ్మా. గాలికి ఆగిపోయింది."

"గాలికి రైలాగుతుందా?" అంది, ఆ వెంటనే పక్కకు తిరిగి ఒగురా గారిని అడిగినట్టుంది, ఆవిడ ఆగుతుందమ్మా అన్నట్టుంది. "సరేలే. పాలు ఒలికిందే తెచ్చావా? అయితే చదువు. ఇంకా కొంచెం టైముందంట."

చదివాడు. మొదట గాలి శబ్దంలో తన గొంతు తనకే వినిపించలేదు, పిల్ల వినబడటం లేదంది, కొంచెం పెంచాడు, పెట్టెలో తలలు లేచాయి. ఈడ్చి కొట్టినట్టు సిగ్గేసింది, మెడ వెనక నుంచి చెవుల దాకా కాలిపోయింది. నడివయసు మగవాడు, కోటు వేసుకున్నవాడు, పట్టపగలు రైల్లో 'టైము లేదు, టైము లేదు' అని బొమ్మల పుస్తకం చదువుతున్నాడు. ఎవరో గొంతు సవరించుకున్నారు, అది చివాట్ల కిందే లెక్క. ఎదురుగా బ్యాటు పిల్ల ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసేసి మళ్లీ పెట్టుకోలేదు. తిమింగలం అయింది, నక్కలు అయ్యాయి, చందమామ అయింది. మధ్యలో తలెత్తితే గట్టు మీద ఇద్దరు ముగ్గురు పిల్లలు కోట్ల గుండీలు విప్పి, రెండు కొసలూ రెక్కల్లా పట్టుకుని, గాలి మీద ఒరిగిపోయి నిలబడి ఉన్నారు, పడిపోవడం లేదు, గాలే వాళ్లను మోస్తోంది. ఎంతసేపటి నుంచి ఉన్నారో. చదవడం ఆపేశాడు. ఇక్కడ పిల్లలు గాలి మీద పడుకున్నారమ్మా, కోట్లు తెరచాపల్లా పెట్టుకుని, అన్నాడు.

"నువ్వు చూశావా?" అంది మినోరి.

"చూశాను."

"నువ్వా?" అని మళ్లీ అడిగింది. అందులో వెటకారం లేదు, పిల్లకు నిజంగానే ఆశ్చర్యమేసింది. అతను పుస్తకంలోకి వంగి, బెంచీ మీద కూర్చున్నాడు, నిద్ర ముంచుకొచ్చింది అని చదివాడు. చదివాడో లేదో అటునుంచి పిల్ల అందుకుంది, ఆ గొంతులో తన గొంతే, నిద్రమత్తులో పాఠం ఒప్పజెప్పే తన పాత గొంతే వినిపించింది. "రైలొచ్చింది. ఎక్కేశాడు. అయిపోయింది, పడుకో."

"కాదమ్మా, మధ్యలో ఇంకా పేజీలున్నాయి. నేను చదవలేదు. ఇదిగో, తిమింగలం..."

"తెలుసు. అవి నావి." పిల్ల గొంతు తగ్గించింది, ఒగురా గారు వినకూడదన్నట్టు. "నువ్వు చదువుతా చదువుతా నిద్రపోతావు కదా. అప్పుడు నేను వెనక్కి తిప్పుకునేదాన్ని. మామయ్య మేలుకుని ఉంటే అవి దగ్గరికి రావు నాన్నా, టైము లేదు అంటాడు కదా. నిద్రపోతేనే వస్తాయి. నేను కూడా అప్పుడే వచ్చేదాన్ని నీ దగ్గరికి. కప్పేమో ఆకు కప్పింది. నేనేమో బాతుల గుడ్డ కప్పాను."

అతనికి మాసిన బట్టల బుట్ట కళ్ల ముందు కనబడింది, రోజూ అందులో పడే ఆ గుడ్డ, రోజూ ఎవరు తీసి ఉతికి ఆరేసేవారో, రాత్రికల్లా ఎండిందా లేదా అని ఎవరు తడిమి చూసుకునేవారో. అయానోకు తెలుసు. ఆవిడకు తెలిసే ఉంటుంది, ఉతికింది ఆవిడే కదా. చెప్పలేదు. చెబితే మాత్రం ఏ వేళకు చెబుతుంది, రైల్లో ఉన్నాను, తర్వాత చేస్తాను. పాలమచ్చ మీద ఏదో బొట్టు పడింది, దాన్ని కోటు చేత్తో తుడిచాడు. ముసలావిడ ఉల్లికాడల సంచీని తన వైపు లాక్కుని అతనికి కాస్త చోటిచ్చింది, అంతకు మించి ఏం చెయ్యగలదు ఆవిడ మాత్రం. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి, వచ్చేస్తున్నానని, ఇక ఏ నెలా మానుకోనని. కాని వంతెన అవతల ఉంది, గాలి మధ్యలో ఉంది, రైలు తన చేతిలో లేదు, నెలలు కూడా తన చేతిలో లేవు ఇక, తన చేతిలో ఉన్నప్పుడు వాటినేం చేశాడో గుర్తు చేసుకోవడం తప్ప ఇప్పుడు చెయ్యగలిగిందేదీ లేదు. అవతల తలుపు తీసిన చప్పుడు, ఇంకెవరో పిల్లవాడు కేరింతలు కొడుతూ లోపలికి వచ్చిన చప్పుడు.

"సునాగ గారూ," అంది ఒగురా గారి గొంతు. "టైమైపోయిందండీ. తర్వాతి వాళ్లు వచ్చేశారు."

ఇది వచ్చినట్టు లెక్కలోకి వస్తుందా అండీ అని అడిగాడు, పెట్టె అంతా వింటోందన్న సంగతే మరిచిపోయి. ఫోను రావడం కిందికి రాదండీ అందావిడ, మెత్తగానే అంది. గాలి సంగతీ చెబుతాను, పుస్తకం చదివిన సంగతీ చెబుతాను, మూడు నెలల సంగతి వాళ్లకు తెలిసిందే కదా, ఒప్పుకోవడం వాళ్లమ్మగారి ఇష్టం, నేను ఆశ పెట్టలేనండీ అంది. పాపకు ఒక్క మాట, ఒక్క మాట చెప్పనివ్వండి అన్నాడు. అవతల ఫోను చేతులు మారింది, బూట్లు తొడుక్కుంటూ మాట్లాడుతున్నట్టుంది పిల్ల, మాటల మధ్య మడమ నేలకేసి తడుతున్న చప్పుడు.

"నాన్నా, అమ్మ కింద ఉందంట, పోతున్నా. పుస్తకం పార్సిల్లో పంపెయ్యి. నువ్వు పంపించేవి టైముకే వస్తాయిగా."

ఫోను పెట్టేసింది. గాలి ఎప్పుడు తగ్గిందో, రైలు ఎప్పుడు కదిలిందో అతను గమనించలేదు. తలలన్నీ మళ్లీ ఫోన్లలోకి వంగాయి. బ్యాటు పిల్ల మాత్రం ఇయర్‌ఫోన్ వేలికి చుట్టుకుంటూ కిటికీలోంచి గట్టు వైపే చూస్తోంది, అక్కడ పిల్లలు లేరు, గాలి లేనిదే వాళ్లను ఎవరు మోస్తారు. వంతెన మీద చక్రాల మోత మారింది, కింద నది ఏమీ ఎరగనట్టు ఎండలో పడి ఉంది. పక్కన ముసలావిడ ఈసారి నిజంగానే నిద్రపోయింది, తల మెల్లగా జారి అతని భుజం మీద ఆనింది. కదిలితే లేస్తుందని ఊపిరి కూడా చిన్నగా పీలుస్తూ కూర్చున్నాడు. ఒళ్లో పుస్తకం కప్ప పేజీ దగ్గరే తెరిచి ఉంది. ఇలా ఊపిరి బిగబట్టుకుని ఎంతసేపు కూర్చునేదో ఆ పిల్ల, తను గురక పెడుతుంటే, వంటగదిలో గిన్నెలు కడిగే చప్పుడు వినబడుతుంటే. ఒక్క రాత్రి, ఏ ఒక్క రాత్రి అయినా సరే, కళ్లు తెరిచి ఉంటే. తెరిచి ఉంటే వచ్చేది కాదేమో, అదీ ఉంది.

స్టేషన్లో దిగేసరికి గేటు దగ్గర ఉద్యోగి ఒకతను టోపీ తీసి, నడుం వంచి వంచి, ఆలస్యపు చీటీలు పంచుతున్నాడు. ఆఫీసులో చూపిస్తే ఆలస్యం మన తప్పు కాదని ఒప్పుకుంటారు, బళ్లో చూపిస్తే హాజరు వేస్తారు, అందుకని దిగినవాళ్లంతా గప్‌చుప్‌గా వరసలో నిలబడ్డారు. సునాగ కూడా అలవాటు కొద్దీ నిలబడ్డాడు. తన వంతు రాగానే, మీ అమూల్యమైన సమయం వృథా చేసినందుకు క్షమించండి అంటూ ఆ మనిషి రెండు చేతులతోనూ చీటీ అందించాడు. వెళ్లి ఇది ఎవరికి చూపించాలో తెలియలేదు, ఆ ఇంట్లో ఇప్పుడు ఇంకొకరి పిల్లవాడు కేరింతలు కొడుతున్నాడు, అయానో బండి ఈపాటికి ఊరు దాటి ఉంటుంది. తను వద్దన్న నెలలు గుర్తొచ్చి, ఇంకొకటి ఇస్తారా అని అడిగాడు. రెండెందుకండీ, అందరికీ ఒక్కటే చాలు అన్నాడు ఉద్యోగి, అయినా ఇచ్చాడు. వెనకవాళ్లకు అడ్డం కాకుండా స్తంభం పక్కకు తప్పుకుని, రెండిటినీ వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నాడు. రైలు ఆలస్యంగా వచ్చిన మాట నిజమే అని అచ్చు వేసి ఉంది, కింద ఎర్ర ముద్ర ఉంది. తేదీ మాత్రం రెండిటి మీదా ఇవాళ్టిదే.